వలకాడు వాలిపోయాడు

కడియం,
జూన్ 14.

సత్యకి,

బాగున్నావా అని అడగను. నిన్న మీ బొమ్మల వాట్సాప్ గ్రూపులో నువ్వు పెట్టిన ఫొటో చూశాను. బాగానే ఉన్నావని అర్థమైంది.

నేను చేసిన వలకాడు మోకాళ్ళ దగ్గర కుంగిపోయి, కల్లు పాక బయట పడ్డవాడిలా పక్కకి ఒరిగి ఉన్నాడు. ఒళ్ళంతా జిగురు. దాని కింద నీ మాట: "మెత్త ప్లాస్టిక్ బొమ్మలు కొనేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి." నా పేరు రాయలేదు. అక్కర్లేదు కదే. వల విసిరే బొమ్మ చేసేది నేనొక్కదాన్నేనని ఆ గ్రూపులో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. మొదటి బొమ్మ కొన్న రోజు నువ్వే చెప్పావు, "మా క్లాస్‌మేటు చేసింది" అని.

కోపమొచ్చి నీకు వాయిస్ మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి నా గొంతు గ్రూపులో తిరిగింది. మీ ఆడపడుచు హారతి పంపిందట. నీ ఫోన్ ఆవిడ చేతికి ఎలా వెళ్ళిందో నేను అడగను. ఇకమీదట నీతో ఫోన్ లేదు, కాగితమే. దీన్ని పదిమందికి పంచాలంటే ఫొటో తియ్యాలి. అప్పుడైనా నీకు సిగ్గేస్తుందేమో చూద్దాం.

ఆ బొమ్మ ఎలా వచ్చిందో నీకు తెలుసు. అయినా రాస్తాను. పొద్దున్నుంచీ చంద్రరావుగారి షెడ్డులో నర్సరీలకి ప్లాస్టిక్ కుండీలు పోస్తాను. షిఫ్టు అయ్యాక అదే షెడ్డులో ఓ మూల కూర్చుని బొమ్మలు పోస్తాను. నాకెవరూ నేర్పలేదు. మెత్తదనానికి నూనె ఎంత కలపాలో, అచ్చులోంచి ఎంత వేడి మీద లాగాలో చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను. గోదావరి లంక రేవులో మా నాన్న వల విసిరేటప్పుడు కుడి భుజం ఎలా తిరుగుతుందో బొమ్మ భుజం కూడా అలా తిరగాలి. అందుకే లోపల తీగ, పైన మెత్త ప్లాస్టిక్. గట్టిది పోస్తే భుజం తిరగదు, విరుగుతుంది.

సెప్టెంబరులో రాజమండ్రిలో బొమ్మలు కొని దాచుకునే మీ కలెక్టర్లందరూ కలుస్తారు కదా. (మా అమ్మ అది విని, జిల్లా కలెక్టరు నా బొమ్మలు కొంటున్నాడనుకుని వీధంతా చెప్పింది.) అక్కడ నాకో టేబుల్ ఇస్తామన్నారు. అక్కడ నా బొమ్మ నిలబడితే సగం షెడ్డు బొమ్మలకి ఇస్తానన్నారు చంద్రరావుగారు. లేకపోతే "కుండీలు పోసుకో అమ్మా, కుండీ వాలిపోదు" అన్నారు. ఆ టేబుల్ కోసం నలభై మంది వలకాళ్ళని పోసి వరసగా నిలబెట్టుకున్నాను. నీ ఫొటో పుణ్యమా అని ఇప్పుడు టేబుల్ ఇవ్వాలా వద్దా అని మీవాళ్ళు వాదించుకుంటున్నారు.

ఒక్కటే చెప్పు. ఆ బొమ్మని ఎక్కడ పెట్టావు? ఎండలోనా, బల్బు కిందా, పొయ్యి పక్కనా? నిజం చెప్పి, ఆ ఫొటో తీసెయ్.

వీరదుర్గ


పిఠాపురం,
జూన్ 22.

ప్రియమైన దుర్గకి,

నీ ఉత్తరం మా అత్తగారే అందుకున్నారు. "ఈ రోజుల్లో ఉత్తరం రాసేదెవరే, కోర్టువాళ్ళా?" అన్నారు. నా స్నేహితురాలు అన్నాను. ఆ మాట ఇంకా నిజమేననుకుంటున్నాను.

వాయిస్ సంగతికి సారీ. హారతి నా ఫోన్‌లో ఫొటోలు చూస్తూ చేసిన పని అది. తిట్టాను.

నువ్వు తిట్టే ముందు మా భయం కూడా విను. ఇది నీ ఒక్క బొమ్మ సంగతి కాదు. పెద్ద పెద్ద కంపెనీల బొమ్మలకీ ఇదే రోగం. మెత్త ప్లాస్టిక్ కాళ్ళు బరువుకి వంగుతాయి. కొన్నేళ్ళకి లోపలి నూనె పైకొచ్చి జిగురవుతుంది. పక్కనున్న బొమ్మకి అతుక్కుని దాని రంగు కూడా లాగేస్తుంది. మా గ్రూపులో ఒకాయన తన పాత బొమ్మల్ని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచుకున్నాడు. వాళ్ళావిడ టమాటాలు బయట పెట్టలేక, బొమ్మలతో పాటే ఆయన్నీ బయట పెడతానందట. నవ్వుకుంటాం గానీ, మేము బొమ్మ కొనేది ఆడుకోడానికి కాదు. అది ఉండాలని కొంటాం. రెండేళ్ళకి కరిగిపోయేదాన్ని దాచుకుని ఏం చేస్తాం చెప్పు?

ఎక్కడ పెట్టావని అడిగావు. అద్దాల బీరువాలో పెడతాను. దాని మీద ఎండ పడదు, లోపల బల్బు లేదు. చేతులు కడుక్కోకుండా ఏ బొమ్మనీ ముట్టుకోను.

నీ వలకాడంటే నాకు ఇష్టం లేదనుకోకు. నిరుడు దసరాకి మా అత్తగారి బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద, కొండపల్లి ఏనుగు పక్కన నిలబెట్టించాను. ప్లాస్టిక్ బొమ్మ కొలువులో ఏంటని ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. తీరా పేరంటాళ్ళంతా దాని ముందే ఆగి చూస్తుంటే, "బాగానే విసురుతున్నాడే" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో నా వస్తువుకి దొరికిన మొదటి చోటు అది. నీ వల్ల దొరికింది.

ఫొటో మాత్రం తియ్యలేను. గ్రూపు నడిపేదాన్ని నేను. స్నేహితురాలి కోసం తీసేసిందంటారు. సెప్టెంబరుకింకా టైముంది. ప్లాస్టిక్ సంగతి చూసుకో.

నీ
సత్యశ్రీ


కడియం,
జూలై 6.

సత్యకి,

చూసుకోమన్నావుగా, చూసుకున్నాను.

ఒక వలకాణ్ణి షెడ్డు రేకు మీద పెట్టాను. ఒకణ్ణి అచ్చులు కాల్చే పొయ్యి పక్కన నిలబెట్టాను. ఇంకొకణ్ణి తడి ఇసకలో పాతేశాను, నర్సరీలో కొమ్మ నాటినట్టు. కూలీలు చూసి "వేళ్ళు పోసుకున్నాడా దుర్గా?" అని రోజూ అడిగారు. రేకు మీదవాడు కొంచెం ముందుకు వంగాడు. అది ఒప్పుకుంటాను. పొయ్యి పక్కవాడు ఇంకొంచెం వంగాడు. ఇసకలోవాడు అలాగే ఉన్నాడు. కానీ జిగురు? ఒక్కడికీ లేదు. నీ ఫొటోలో వాడికి చెమట పట్టినట్టు కారుతోంది.

వంగడం వేరు, కారడం వేరు. ఆ తేడా నా చేతులకి తెలుసు. కానీ తేడా ఎందుకొచ్చిందో తెలీదు. తెలీకపోతే నాకు పిచ్చెక్కుతుంది. నూనె డబ్బా మార్చానా అని ఆలోచించాను, మార్చలేదు. నీ బొమ్మా, నా దగ్గరున్న నాలుగూ ఒకే గిన్నెలోంచి ఒకే రోజు పోసినవి. అన్నదమ్ములు పుట్టినట్టు.

ఆ బొమ్మని నాకు పంపు. చేత్తో పట్టుకుని చూస్తే తప్ప ఏమీ చెప్పలేను. పార్సెల్ ఖర్చు నాది.

ఇంకో మాట. నువ్వు "ప్లాస్టిక్ సంగతి చూసుకో" అని రాశావు చూడు, అది టెన్త్‌లో లెక్కల మేడమ్ నాతో అన్నట్టే ఉంది. అప్పుడు నువ్వు నా పక్క బెంచీలో కూర్చుని తల దించుకుని నవ్వు ఆపుకున్నావు. ఆ మేడమ్ మాట నీ నోటికి ఎప్పుడొచ్చిందే?

లంకలోకి నీళ్ళొస్తున్నాయి. నాన్న పడవ ఒడ్డుకి లాగేశాడు. ఇంట్లోనే ఉండి నా బొమ్మల్ని చూసి "నాకు అంత పొట్ట లేదు" అని గొడవ పెడుతున్నాడు.

దుర్గ


పిఠాపురం,
జూలై 21.

దుర్గకి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ ఒకటే వాన. ఇంటి నిండా మనుషులు.

బొమ్మని పంపడం గురించి ఆలోచించాను. ఇప్పుడు దాన్ని కదిపితే ఇంకా పాడవుతుందేమో. ఇంకో రెండు ఫొటోలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను, స్టూడియోలో ప్రింటు వేయించాను. వాటితో నీకు సరిపోతుందనుకుంటాను.

నువ్వొక్కదానివే బాధపడుతున్నావనుకోకు. కాకినాడ శ్యాంబాబుగారు గ్రూపులో రాశారు, ఆయన దగ్గరున్న వలకాడు కూడా ఎండాకాలంలో ముందుకి వాలాడట. కాబట్టి సమస్య ఉంది. నేనొక్కదాన్నే అనడం లేదు.

నా సలహా విను. గట్టి ప్లాస్టిక్‌తో పోసెయ్. భుజం తిరక్కపోతే తిరక్కపోనీ. కలెక్టర్లలో భుజం తిప్పి చూసేది ఎవరు? బీరువాలో నిలబడితే చాలు. కొత్త ప్లాస్టిక్‌తో బాగుచేసిందని నేనే గ్రూపులో రాస్తాను, టేబుల్ ఇప్పిస్తాను. పాత సంగతి అందరూ మర్చిపోతారు. ఎవరి తప్పు అని తవ్వుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది?

మేడమ్ మాట అన్నావు. బాధేసింది.

సత్య


కడియం,
ఆగస్టు 4.

సత్యకి,

నీ సలహా విన్నాను. నలభై మందినీ కోసేశాను.

రాత్రీ పగలూ ఆలోచించి చేసిన పని కాదు. శ్యాంబాబుగారి మాట చదివాక ఒళ్ళు మండింది. ఇంతమంది అంటున్నారంటే నా చేతిలోనే ఏదో లోపముందనుకున్నాను. కత్తెర తీసుకుని మొదలుపెట్టాను. తీగలు ఒక పక్క, ముక్కలు ఒక పక్క. ముక్కలు తుక్కులోకి పోయాయి. చంద్రరావుగారు గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయారు.

తర్వాత గట్టి ప్లాస్టిక్‌తో పోశాను. చూడ్డానికి నిలబడ్డాడు. భుజం తిప్పితే చంకలో విరిగింది. రెండోవాడూ అంతే. మూడోవాణ్ణి మా నాన్న చేతికిచ్చాను. ఆయన తిప్పలేదు. అటూ ఇటూ చూసి, "వీడు వల విసరడే, వల మోసే కూలోడు" అని నా చేతికిచ్చేశాడు.

భుజం తిప్పేవాళ్ళెవరు అని రాశావు. మొదటి బొమ్మ నీ చేతికిచ్చిన రోజు, రాజమండ్రి బస్టాండులో, బస్సు వెళ్ళిపోతున్నా పట్టించుకోకుండా ఆ భుజాన్ని తిప్పుతూ కూర్చున్నది ఎవరే?

ఫొటోలు నాకొద్దు. బొమ్మ కావాలి. ఈసారి పంపకపోతే బస్సెక్కి మీ గుమ్మం ముందుకొస్తాను. నేను నెమ్మదిగా మాట్లాడలేనని నీకు తెలుసు.

దుర్గ


పిఠాపురం,
ఆగస్టు 13.

దుర్గా,

కోసేస్తావనుకోలేదు. నిజంగా అనుకోలేదు.

బొమ్మని పంపుతున్నాను. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొత్త గుడ్డలో చుట్టాను. డబ్బా ఇంట్లో కాకుండా ఆరుబయట తెరువు, గాలి తగిలేలా.

సత్య


కడియం,
సెప్టెంబరు 2.

సత్యశ్రీకి,

డబ్బా ఆరుబయట తెరవలేదు. వంటింట్లో తెరిచాను. అమ్మ చేపలు కడుగుతోంది. అటు తిరిగి ఉన్నది తల కూడా తిప్పకుండా, "ఎవరి పెట్టెలోంచి తీశావే పట్టుచీర?" అంది.

చేపల వాసనని దాటి వచ్చింది ఆ వాసన. కలరా ఉండలు.

నువ్వెంత కడిగినా అది బొమ్మ పైన లేదు, లోపల ఉంది. వాడి వీపు గోటితో గీరితే ఇంకా ఘాటుగా వస్తోంది. అద్దాల బీరువాలో కలరా ఉండలు ఎవరు వేస్తారే? బట్టల పెట్టెలో వేస్తారు. కొలువు ఎత్తేశాక పాత చీరల్లో చుట్టి, దసరా నుంచి దసరా దాకా మూసిపెట్టే బొమ్మల పెట్టెలో వేస్తారు.

ఊరికే అనలేదు. నీ వాడితో పాటే పోసిన ఆ నలుగురిలో, ఏ పరీక్షా పెట్టకుండా మిగిలినవాణ్ణి స్టీలు డబ్బాలో పెట్టి, గుప్పెడు కలరా ఉండలు వేసి మూత బిగించాను. అమ్మ తిడుతూనే డబ్బా ఇచ్చింది. రెండు వారాల తర్వాత నిన్న తీశాను. మోకాళ్ళు కుంగాయి. ఒళ్ళు జిగురు. నీ ఫొటోలోవాడి తమ్ముడు. ఆ ఉండల ఆవిరి కొయ్యకి ఏమీ చెయ్యదు, మట్టికి చెయ్యదు. మెత్త ప్లాస్టిక్ మాత్రం దాన్ని తాగేసి కరుగుతుంది.

ఎండాకాలంలో నా బొమ్మ కొంచెం వంగుతుంది. అది నా లోపం, నేనే అందరికీ చెప్పుకుంటాను. కానీ ఇది నాది కాదు.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకెప్పట్నుంచి తెలుసు? తెలీదని రాయకు. తెలీనివాళ్ళు "ఆరుబయట తెరువు" అని రాయరు.

సభ ఈ నెల 22న. అంతలోపు గ్రూపులో నిజం రాయి. నేను చెబితే అమ్ముకోడానికి చెబుతోందంటారు. నువ్వు చెప్పాలి.

వీరదుర్గ


పిఠాపురం,
సెప్టెంబరు 7.

దుర్గకి,

ఫొటో పెట్టినప్పుడు తెలీదు. ఒట్టు. గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళకి చూపిద్దామని, అత్తగారిని తాళం అడిగి పెట్టెలోంచి తీశాను. వాడి మీద చెయ్యి వేస్తే అతుక్కుంది. భయమేసి ఫొటో పెట్టేశాను.

నీ మొదటి ఉత్తరం చదివాక మళ్ళీ పెట్టె తెరిచి చూశాను. హారతి చిన్నప్పటి ప్లాస్టిక్ దువ్వెన ఒకటి అడుగున ఉంటే, అది కూడా చీరకి అతుక్కుపోయి ఉంది. కొయ్య బొమ్మలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. అయినా నీకు "అద్దాల బీరువా" అని రాశాను. మిగతా బొమ్మలు అందులోనే ఉంటాయి, అబద్ధం కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎందుకంటావు. మా అత్తగారు. ఆ పెట్టె వాళ్ళ అత్తగారిది. దానికి తాళం వేసేది ఆవిడే, ఉండలు వేసేది ఆవిడే. నీ బొమ్మ వాలడం చూసి హారతి "నేను ముందే అన్నాను, ప్లాస్టిక్ అని" అంది. అప్పుడు నేను "మీ అమ్మ వేసిన ఉండల వల్లే" అనాలి. ఆ మాట అని ఈ ఇంట్లో నేను ఎలా ఉండాలి? హారతిని తిట్టానని రాశాను కదా, అదీ అబద్ధమే. ఈ ఇంట్లో నేను ఎవర్నీ తిట్టలేదు, ఎప్పుడూ. మూడో మెట్టు మీద అంత చోటు రావడానికి నాకెంత పట్టిందో నీకు తెలీదు. నువ్వు నోరున్నదానివి.

గ్రూపులో హారతి ఉంది. నేను రాస్తే సాయంత్రానికి అత్తగారికి చేరుతుంది.

నేను చెప్పేది విను. "నూనె మార్చింది, ఇప్పుడు బొమ్మ గట్టిపడింది" అని రాస్తాను. నీ టేబుల్ నీకొస్తుంది. పెట్టె గొడవ ఎవరికీ తెలీదు. ఎవరికీ నష్టం లేదు. మన ఇద్దరి కోసం ఒప్పుకో.

సత్య


కడియం,
సెప్టెంబరు 10.

రత్నమాణిక్యంగారికి నమస్కారాలండి.

నేను మీ కోడలు సత్యశ్రీతో కలిసి చదువుకున్నాను. నా పేరు వీరదుర్గ. నిరుడు మీ కొలువులో మూడో మెట్టు మీద నిలబడ్డ వలకాణ్ణి చేసింది నేనేనండి. మీరు "బాగానే విసురుతున్నాడే" అన్నారని సత్య రాసింది. ఆ మాట మా నాన్నకి చదివి వినిపించాను.

మిమ్మల్ని ఒక్కటి అడగాలండి. ఆ బొమ్మని పెట్టెలో పెట్టినప్పుడు కలరా ఉండలు వేశారా? వేస్తే తప్పు కాదండి, కొయ్య బొమ్మలకి వెయ్యాల్సిందే. కానీ మెత్త ప్లాస్టిక్‌కి అవి పడవు. బొమ్మ కరిగిపోయింది. నేను చేసిందే చెడ్డదని అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకుని నలభై బొమ్మలు నా చేత్తో కోసేశాను. నా పేరు ఇప్పుడు దాని మీదే ఉంది.

తప్పు లేని నూనెని మార్చానని చెప్పి టేబుల్ తెచ్చుకోమని సత్య అంటోంది. నాకది చేతకాదండి.

సత్యకి చెప్పకుండా మీకు రాస్తున్నాను. అది మర్యాద కాదని తెలుసు. మీకు చెబితే ఏమైపోతుందోనని తను చాలా భయపడుతోంది. నేను మిమ్మల్ని ఎప్పుడూ చూళ్ళేదు కాబట్టి నాకు ఆ భయం లేదు.

ఇట్లు
వీరదుర్గ


పిఠాపురం,
సెప్టెంబరు 15.

అమ్మాయి వీరదుర్గకి,

వేశాను. మా అత్తగారి రోజుల్లో ఎండు వేపాకూ పొగాకు కాడలూ వేసేవారు. ఆ పొగాకు కంపు నాకు పడక కలరా ఉండలు మొదలుపెట్టాను. ఇంకో సంగతి కూడా చెబుతాను. నీ బొమ్మ చుట్టిన గుడ్డలో ఓ గుప్పెడు ఎక్కువే వేశాను. కోడలు ముచ్చటపడి తెచ్చుకుంది, దీనికి పురుగు పట్టకూడదని. నా జాగ్రత్త నీ బొమ్మని తినేసింది.

సత్యని పిలిచి నీ ఉత్తరం పైకి చదవమన్నాను. సగం చదివి ఆపేసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, "మీకు కోపం వస్తుందని అత్తయ్యగారూ" అంది. వచ్చింది. కలరా ఉండలకి కాదు. నాలుగు మాటలు చెప్పడానికి కూడా వీల్లేనంత రాక్షసిలా నేను ఈ ఇంట్లో తిరుగుతున్నానని బయటి పిల్ల రాస్తే తెలిసింది. రాక్షసినే అయ్యుంటాను. లేకపోతే ఎందుకంత భయపడుతుంది.

ఇప్పుడు నీ సంగతి. ఆవకాయ జాడీ చేతికిచ్చేవాళ్ళు తడి గరిటె పెట్టకండి అని చెప్పి మరీ ఇస్తారు. బొమ్మ ఇచ్చేటప్పుడు దీనికి ఏది పడదో నువ్వెందుకు చెప్పలేదు? నీకు తెలీదంటావు. అయితే తెలుసుకోకుండా అమ్మావన్నమాట. అది నీ తప్పు. మొహం మాడ్చుకోకు, పెద్దదాన్ని కాబట్టి అంటున్నాను.

గ్రూపులో తను రాస్తానని హారతి ఎగిరింది. వద్దన్నాను. ఎవరు మూసుకున్న నోరు వాళ్ళే తెరవాలి. సత్య రాస్తుందో రాయదో నేను చెప్పలేను. సభకి మాత్రం నేను వస్తున్నాను.

ఆశీస్సులతో
రత్నమాణిక్యం


కడియం,
సెప్టెంబరు 29.

సత్యకి,

సభ రోజు పొద్దున బస్సులో ఉండగా నీ పోస్టు చూశాను. "వలకాడు కరిగింది బొమ్మలో లోపం వల్ల కాదు. మా ఇంట్లో కలరా ఉండలు వేసిన పెట్టెలో పెట్టడం వల్ల. ఈ సంగతి నాకు జూన్‌లోనే తెలుసు. దుర్గకి చెప్పలేదు." అంతే రాశావు. చివరి రెండు ముక్కలూ రాయకపోయినా నీ పని గడిచిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అవి చదివాక ఫోన్ మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నువ్వు హాల్లో గుమ్మం దగ్గరే నిలబడ్డావు, నా టేబుల్ దాకా రాలేదు. చూశాను. నేనూ పిలవలేదు. కాబట్టి అక్కడ ఏం జరిగిందో నీకు వినబడి ఉండదు, రాస్తాను.

నీ పోస్టు చదివి మీవాళ్ళు వాదన ఆపి టేబుల్ ఇచ్చేశారు. దాని మీద కొత్తగా పోసిన మెత్త వలకాళ్ళని పెట్టాను. పక్కన కరిగిపోయిన నీ వాణ్ణి, స్టీలు డబ్బాలోవాణ్ణి పెట్టాను. మీ అత్తగారు వచ్చి నా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ కరిగినవాణ్ణి ఎత్తి ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడండి, ఇది నా నిర్వాకం" అని చెప్పారు. ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టుకుంటే, "భయం లేదమ్మా, ఇంకా బతికే ఉన్నాను కదా" అన్నారు. చంద్రరావుగారు ఆవిడకి టీ తెప్పించి ఇచ్చారు. ఆయన నాకెప్పుడూ తెప్పించలేదు.

కాకినాడ శ్యాంబాబుగారు వచ్చారు. నేను ఆయన మీద కోపంతో ఉన్నానని నీకు తెలుసు. "అమ్మా, నా ఇంట్లో కలరా ఉండలు లేవు. మరి నాది ఎందుకు వాలింది?" అని అడిగారు. ఆయన అడిగిన తీరులో తప్పేమీ లేదు. వాలుతుందండి అన్నాను. మే నెలలో చీలమండల దగ్గర మెత్తబడుతుంది, ఇంకా సరిచెయ్యలేకపోయాను, వేడినీళ్ళలో ముంచి నిటారుగా పట్టుకుని చన్నీళ్ళలో పెడితే మళ్ళీ నిలబడతాడు అన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నారు. మళ్ళీ మే దాకా అన్నాను. నవ్వి, ఇంకొకణ్ణి తీసుకున్నారు. కొంతమంది మాత్రం నా మాట విని బొమ్మ కింద పెట్టేసి వెళ్ళిపోయారు. వాళ్ళనీ ఏమీ అనను. ఉండాలని కొంటామని నువ్వు రాశావు, అది నిజమే.

సగం షెడ్డు రాలేదు. పావు ఇచ్చారు. పొయ్యి పక్క మూల. పొద్దున కుండీలు, మధ్యాహ్నం నుంచి బొమ్మలు. ఇకమీదట ప్రతి బొమ్మతో పాటు ఒక చీటీ: దీన్ని ఎండలో పెట్టకండి, ఇంకో ప్లాస్టిక్‌కి ఆనించకండి, కలరా ఉండలు వెయ్యకండి. మీ అత్తగారికి ఆ చీటీ చూపిస్తే, అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు.

నీ కోపం తగ్గిందా అని అడగకు. తగ్గలేదు. ఆ నలభై మందినీ కత్తిరిస్తుంటే చేతిలో ఒక్కొక్కడి భుజం ఒక్కోసారి తిరిగేది. ఆ వారం నీకు అంతా తెలుసు. అది నేను మర్చిపోలేను. నోరున్నదానివి అన్నావు. నోరు ఎవరూ ఇవ్వరే. ఇంట్లోనూ కాదు, షెడ్డులోనూ కాదు. పోస్టులో ఆ చివరి ముక్కలు నీకు ఎవరిచ్చారు?

కరిగినవాణ్ణి నీకు పంపను. నా దగ్గరే ఉంటాడు. మీ అత్తగారు కొత్త వలకాణ్ణి కొనుక్కెళ్ళారు, గట్టిగా బేరమాడి మరీ. దసరాకి మూడో మెట్టు మీదే పెడతానన్నారు.

కొలువు ఎత్తేసే రోజు పెట్టె దగ్గర నువ్వు ఉండు. ఆవిడకి ఇప్పుడు అంతా తెలుసు, కానీ చేతికి ముప్ఫై ఏళ్ళ అలవాటు. మాటల్లో పడి ఆ చెయ్యి ఉండల పొట్లం మీదికి వెళ్తుంది. హారతి పక్కనే ఉంటుంది, పేరంటాళ్ళు కూడా ఉంటారేమో. అప్పుడు అందరి ముందూ నువ్వు "అత్తయ్యగారూ, వద్దు" అను.

అన్నాక నాకు రాయి. ఫోన్ చెయ్యకు.

దుర్గ